చేతుల్లేని కుర్చీ

ఆగస్టు 5, సోమవారం

ఇవాళ నేను తాగుబోతు భర్తతో వేగలేక వచ్చిన ఇల్లాలిని. పోయినవారం ఉద్యోగం ఊడినదాన్ని. అంతకు ముందు, ఇల్లు ఖాళీ చేయమంటే సామాను వీధిలో పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఇలా వారానికో కష్టం పడుతున్నాను, ఒంటికి మాత్రం ఏమీ కాలేదు.

మా సోషల్ వర్క్ క్లాసులో రోల్ ప్లే అంటే గది మధ్యలో రెండు కుర్చీలు వేస్తారు. చేతులున్న చెక్క కుర్చీ సోషల్ వర్కర్‌ది. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ కష్టాల్లో ఉన్న మనిషిది. అందరూ రెండింటిలోనూ మార్చి మార్చి కూర్చోవాలని మొదటి రోజే చెప్పారు. అందరూ మారుతున్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాను.

"నువ్వైతే సహజంగా ఉంటుందమ్మా" అంటారు హెడ్ మేడమ్. మంచావిడ. నాకు జ్వరం వస్తే మాత్రలు తెచ్చిచ్చింది. తిట్టుకుందామన్నా నోరు రాదు.

నాకు బాధేం లేదు. బాగా చేస్తాను కాబట్టే నన్ను పిలుస్తారు. ఇవాళ ఎదురు కుర్చీలో ఉన్న కారుపిల్లకి నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. రోజూ కారులో దిగుతుందని ఆ పేరు మేం పెట్టిందే. ఏడ్చాక నన్ను కావలించుకుంది. ఆ అమ్మాయి వాడిన సెంటు ఇంటికొచ్చినా నా భుజం మీంచి పోలేదు. "ఎవరింటికి వెళ్ళొచ్చావే?" అంది అమ్మ.

ఆగస్టు 9, శుక్రవారం

కాలేజీ గేటు దగ్గర పెద్ద ఫోటో పెట్టారు. "అన్ని జీవితాలకూ చోటున్న తరగతి" అని దాని కింద రాశారు. ముందు వరసలో మేం ముగ్గురం. బస్సు కండక్టరుగా రిటైరై డిగ్రీలో చేరిన తాతగారు, చూపులేని కుర్రాడు రేడియో, నేను. చూపున్న మా అందరి మాటలూ కలిపినా రేడియో మాటల్లో సగం ఉండవు, అందుకే ఆ పేరు. మిగతా క్లాసంతా మా వెనక మసగ్గా ఉంది.

"ఫోటోలో నేనెలా పడ్డాను?" అన్నాడు రేడియో.

"పెళ్ళికొడుకులా ఉన్నావు" అన్నాను.

"మనం ముగ్గురం షోకేసులో బొమ్మలమే మనవరాలా. కాకపోతే మనకి దుమ్ము దులపరు" అన్నారు తాతగారు.

ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. మళ్ళీ గేటు దాటేటప్పుడు మాత్రం నేను తల తిప్పుకుని వెళ్ళాను. ఎండ కళ్ళలో పడుతోంది.

ఆగస్టు 14, బుధవారం

మేడమ్ తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. సీటు తీసేస్తారేమో అనుకున్నాను. నాది మామూలు సీటు కాదు. చిన్నప్పుడు ప్రభుత్వ హోమ్‌లో పెరిగినవాళ్ళ కోసం ఏడాదికొకటి ఉంచే సీటు. ఇరవై ఆరేళ్ళకి దాన్ని పట్టుకుని ఇక్కడికొచ్చాను.

తీసేయడం కాదు, ఇంకా పెద్దపీట. వచ్చే నెల కమిటీ వస్తుందట. మా కోర్సుకి గుర్తింపు ఉంచాలా తీసేయాలా అని చూస్తారు. ఎలాంటి ఇళ్ళ నుంచి పిల్లల్ని చేర్చుకుంటున్నారు, వాళ్ళనేం చేస్తున్నారు అనేదే వాళ్ళ ముఖ్యమైన ప్రశ్నట.

"లెక్కలు చూపిస్తే వాళ్ళకి నిద్రొస్తుంది. నిన్నే చూపిద్దామమ్మా" అన్నారు మేడమ్. "నీ దరఖాస్తులో రాశావే, మీ అమ్మగారికి కాన్పయ్యాక జబ్బు చేసి మంచం దిగకపోతే, సోషల్ వర్కర్ వచ్చి నిన్నూ నెలల పిల్లాణ్ణీ హోమ్‌కి తీసుకెళ్ళిందని. ఆ రోజుని రోల్ ప్లేగా వేద్దాం. అమ్మగా నువ్వు చెయ్యి."

"నేనా?"

"ఇంకెవరు చేస్తారమ్మా? చివర్లో లేచి, ఆ ఎనిమిదేళ్ళ పాపని నేనే, ఇవాళ సోషల్ వర్కర్‌ని అవుతున్నాను అని చెప్పు. హాలంతా లేచి నిలబడుతుంది."

నేను ఫీల్డ్ వర్క్ సంగతి ఎత్తాను. క్లాసంతా ఇళ్ళకి వెళ్ళి మనుషులతో మాట్లాడుతున్నారు. నేను మొదటి ఏడాది నుంచీ అవగాహన పోస్టర్లకి రంగులేస్తున్నాను. ఇళ్ళకి వెళ్ళకుండా డిగ్రీ వచ్చినా, సోషల్ వర్కర్‌గా ఎవరూ తీసుకోరు.

"ఈ కమిటీ గండం గట్టెక్కనీ. పిల్లల సంరక్షణ ఆఫీసులో వేయిస్తాను. నాదీ పూచీ" అన్నారు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక, "అమ్మగారిని తప్పకుండా తీసుకురా. ముందు వరసలో కూర్చోబెడదాం" అన్నారు.

సరేనన్నాను.

మా తమ్ముడు చిన్నాడికి ఈ సంగతేదీ తెలీదు. హోమ్‌లో ఉన్న ఆ నెలల్లో మేమిద్దరం పిన్ని ఇంట్లో ఉన్నామనే వాడికి చెప్పారు. ఇరుగుపొరుగుకీ అంతే. అమ్మ దాని గురించి ఇన్నేళ్ళలో ఒక్కమాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

రేపు అమ్మకి చెప్తాను.

ఆగస్టు 16, శుక్రవారం

అమ్మకి ఒంట్లో బాలేదు. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు మడతపెట్టి వస్తుంది, భుజాలు పట్టేశాయి. ఇలాంటప్పుడు ఏం చెప్తాం.

ఆగస్టు 19, సోమవారం

చెప్పాను. అంటే, కాలేజీలో ఫంక్షన్ ఉంది, రమ్మన్నారు అని చెప్పాను. అబద్ధమేం కాదు. ఫంక్షనే. రమ్మనే అన్నారు.

అమ్మ చేస్తున్న పని ఆపి చూసింది. "నన్నా? నీకేమైనా బహుమతిస్తారా?"

"అలాంటిదే."

"ఏ బహుమతే?" అని చిన్నాడు అడ్డొచ్చాడు. టైర్ల షాపు నుంచి అప్పుడే వచ్చాడు, చేతులు నల్లగా ఉన్నాయి. "అందరికంటే ఎక్కువ ఏడ్చినందుకా?"

వాడికి నా రోల్ ప్లేల సంగతి తెలుసు. ఇంట్లో రాగాలు తీసి వెక్కిరిస్తుంటాడు. అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. ఆ తర్వాత పెట్టె తెరిచి, కట్టుకోని చీర తీసి మడత విప్పి చూసుకుంది. అమ్మ మడతలు విప్పడం నేనెప్పుడూ చూడలేదు, ఎప్పుడూ పెట్టడమే.

ఆగస్టు 23, శుక్రవారం

రిహార్సల్. మాటలు కారుపిల్ల రాసింది, ఎదురు కుర్చీలో తనే కాబట్టి. పాపం కష్టపడి రాసింది. అందులో మా అమ్మ జుట్టు విరబోసుకుని ఉంటుంది. "నా పిల్లల్ని తీసుకెళ్ళకండి" అని సోషల్ వర్కర్ కాళ్ళ మీద పడుతుంది.

"మా అమ్మ అలా చేయలేదు" అన్నాను.

"అయ్యో, సారీ. మరేం చేశారు?" అని పెన్ను తీసింది.

నాకు గుర్తులేదు. నా చెప్పు పట్టీ పడకపోతే వంగి దాంతో కుస్తీ పడుతున్నాను, అదే గుర్తుంది. తల పైన ఎవరో మాట్లాడుతున్నారు. అమ్మ గొంతే అనుకుంటా. ఏం మాట్లాడిందో తెలీదు.

"అలాగే ఉంచు, ఫర్వాలేదు" అన్నాను.

బయటికొచ్చాక తాతగారు పక్కన నడుస్తూ, "మీ అమ్మకి చెప్పావా, ఏం వేస్తున్నారో?" అన్నారు.

"ఎప్పుడో చెప్పాను."

"ఏమంది?"

"సంతోషించింది."

ఆయన ముప్పై ఏళ్ళు బస్సులో మనుషుల మొహాలు చూసినాయన. ఎవరు టిక్కెట్టు కొనలేదో మొహం చూసి చెప్పేవారట. నా మొహం ఒకసారి చూసి ముందుకు నడిచారు. నా ఒళ్ళు మండింది. ఈయనకెందుకు అసలు?

సెప్టెంబరు 2, సోమవారం

చెప్పాలి.

సెప్టెంబరు 4, బుధవారం

అమ్మ జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను. మాట నోటిదాకా వచ్చింది.

"అక్కడ నన్నేమైనా మాట్లాడమంటారా? నాకు చేతకాదు బాబూ" అంది.

"లేదమ్మా. కూర్చుంటే చాలు."

"అదైతే చేస్తాను" అని నవ్వింది.

ఇక ఇప్పుడు చెప్తే రానంటుంది. రాకపోతే మేడమ్‌కి ఏమని చెప్పను? ఆవిడ పూచీ ఏమైపోతుంది? సోషల్ వర్కర్‌నయ్యాక ఇలాంటివి ఎన్నో సర్దుకుంటాయి. అమ్మకి కూడా మంచిదేనేమో. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది బయటపడితే తేలికవుతుందని మాకు పాఠంలో కూడా ఉంది.

పాఠంలో ఉంది.

సెప్టెంబరు 6, శుక్రవారం

పొద్దున హాలు గుమ్మంలోనే అమ్మని మేడమ్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. "మీలాంటి తల్లులే మాకు స్ఫూర్తి" అన్నారు. అమ్మ నా వైపు చూసి, ఎందుకట అన్నట్టు కళ్ళెగరేసింది. నేను చూడనట్టు స్టేజీ వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ కారుపిల్ల నా జడ విప్పి జుట్టు చెదరగొట్టింది.

స్టేజీ మీద అవే రెండు కుర్చీలు. క్లాసులోంచి మోసుకొచ్చారు. నేను నా దాంట్లో కూర్చున్నాను. ముందు వరసలో కమిటీ వాళ్ళు, వాళ్ళ చివర అమ్మ, ఒళ్ళో సంచీ పెట్టుకుని.

మేడమ్ మైకులో మొదలుపెట్టారు. "ఇది కల్పన కాదు. ఈ పాత్ర వేస్తున్న విద్యార్థిని తల్లి జీవితంలో జరిగింది. ఆ తల్లి ఇవాళ మన మధ్యే ఉన్నారు."

తలలన్నీ తిరిగాయి. అమ్మ మొదట వెనక్కి చూసింది, ఇంకెవరి గురించో అనుకుని.

కారుపిల్ల తన మాట చెప్పింది. "అమ్మా, మీ ఆరోగ్యం బాగాలేదు. పిల్లలిద్దరినీ మేం తీసుకెళ్తున్నాం. మీ మంచికే."

ఇప్పుడు నేను కాళ్ళ మీద పడాలి. లేవలేకపోయాను. అమ్మ నన్నే చూస్తోంది. కోపంగా చూస్తే బావుండేది. చంటిపిల్ల మెట్లు దిగుతుంటే చూసినట్టు చూస్తోంది. మేడమ్ పక్కనుంచి పెదాలు కదుపుతున్నారు, నా పిల్లల్ని, నా పిల్లల్ని అని. హాల్లో ఎవరో దగ్గారు.

చిన్నప్పుడు బళ్ళో పద్యం మర్చిపోయి నిలబడిపోతే అమ్మ కిటికీ అవతలి నుంచి అందించేది. ఇవాళ కూడా అంతే చేసింది. సంచీ పట్టుకుని ముందుకు వంగి, మెల్లిగానే అందించింది. హాలు నిశ్శబ్దంగా ఉండబట్టి అందరికీ వినపడింది.

"అరికాలు రాయాలని చెప్పవే."

నాకర్థం కాలేదు.

"చిన్నాడికి అరికాలు చేత్తో మెల్లిగా రాస్తేనే నిద్ర పడుతుందని చెప్పు. నేనదే చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకుంటూ వినిపించుకోలేదు, మళ్ళీ చెప్పాను."

నేను చెప్పాను. "చిన్నాడికి అరికాలు రాస్తేనే నిద్ర పడుతుంది." గొంతు నాది కానట్టే ఉంది. "చిన్నాడికి అరికాలు రాస్తేనే నిద్ర పడుతుంది."

కారుపిల్ల చేతిలో కాగితం చూసుకుంది. దానికి జవాబు కాగితంలో లేదు. దిక్కులు చూసింది.

కమిటీలో పెద్దావిడ చప్పట్లు మొదలుపెట్టింది. హాలంతా లేచింది. మేడమ్ కళ్ళు తుడుచుకుంటున్నారు. అమ్మ కూడా సంచీ పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. కూతురు స్టేజీ మీదుంటే కొట్టకుండా ఎలా ఉంటుంది?

చివర్లో నేను లేచి చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఎవరూ గమనించలేదు.

బస్సులో సగం దూరం అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"నీ జుట్టెందుకు అలా విరబోశారు?" అంది అప్పుడు.

"నాటకం కదమ్మా."

"ఆ రోజు నేను జడ వేసుకున్నాను. మంచం మీంచి లేవలేనిదాన్ని, వాళ్ళొస్తున్నారని తెలిసి లేచి శుభ్రంగా జడ వేసుకున్నాను. చూసి, ఫర్వాలేదు బానే ఉంది అనుకుని వెళ్ళిపోతారని."

నేను జుట్టు వెనక్కి లాగి ముడేసుకున్నాను.

"ఆ పిల్ల కూర్చుందే నీకెదురుగా. మనింటికొచ్చినావిడ కూర్చోలేదు. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాను. గుమ్మంలోనే నిలబడి రాసుకుంది." మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "చెప్పి ఉంటే వచ్చేదాన్నే. నువ్వు పిలిస్తే రానా? చెప్పకుండా తీసుకెళ్ళావు."

నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. క్షమించమని అడగలేదు. అడిగితే సరేలే అంటుందని భయం.

సెప్టెంబరు 7, శనివారం

రాయను.

సెప్టెంబరు 9, సోమవారం

కమిటీ గుర్తింపు ఇచ్చేసినట్టేనట. మేడమ్ నన్ను అందరి ముందూ దగ్గరికి తీసుకున్నారు. "మీ అమ్మగారి చేత అలా అనిపించాలని ముందే ప్లాన్ చేశావా? అద్భుతం! నాకు కూడా చెప్పలేదే దొంగా" అన్నారు.

ఫీల్డ్ వర్క్ అడిగాను.

"ఈ టర్మ్‌కి అన్నీ సర్దేశారమ్మా. చూద్దాం. అన్నట్టు, వచ్చే నెల కాలేజీలన్నీ కలిసే పెద్ద సభ ఉంది. ఇదే మళ్ళీ వేద్దాం. అమ్మగారు అక్కడ కూడా అలాగే కింద నుంచి అందిస్తే చాలు."

చూస్తానండీ అన్నాను. కాదని అనలేకపోయాను. మళ్ళీ.

సెప్టెంబరు 12, గురువారం

అమ్మ చిన్నాడికి చెప్పేసింది. "వాడు కాలేజీ గోడ మీద చూసి తెలుసుకోకూడదు" అంది. నేను వంటింట్లో ఉండిపోయాను.

తర్వాత వాడు వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి, "నన్ను హోమ్‌లో ఎవరు నిద్రపుచ్చారే?" అన్నాడు.

"నేనే."

"అరికాలు రాసేదానివా?"

"తెలీదురా నాకు. ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏడ్చి ఏడ్చి పడుకునేవాడివి."

వాడు వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బావుండేది.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఫీల్డ్ వర్క్ పేర్లు వేశారు. నేను పోస్టర్లే. సోమవారం రోల్ ప్లేకి కూడా పేర్లు వేశారు. బిడ్డ పోయిన తల్లిగా నేను. సోషల్ వర్కర్ కారుపిల్ల.

"నిన్ను చంపేస్తున్నారు కదా" అన్నాడు రేడియో. "నేనింకా నయం, కళ్ళు లేవు కాబట్టి నాకు ప్రతివారం అదే కష్టం ఇస్తారు."

నవ్వు రాలేదు. ఈ సీటు వదిలేసి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి? ఎక్కడికెళ్ళినా ఆ సీటు పేరే నా ముందు నడుస్తుంది. ఉంటే ప్లాస్టిక్ కుర్చీ. పోతే, ఇన్ని చేసినా నిలబడలేదు పాపం అంటారు. రెండు దారులూ ఆ గదిలోకే తిరిగొస్తాయి.

సభకి రానని మేడమ్‌కి చెప్పమంది అమ్మ. "నీకు నోరు రాకపోతే చెప్పు, నేనొచ్చి చెప్తాను" అంది.

సెప్టెంబరు 23, సోమవారం

అందరికంటే ముందు క్లాసుకి వెళ్ళాను. కుర్చీలు రెండూ వేసి ఉన్నాయి. అలవాటు కొద్దీ వెళ్ళి ప్లాస్టిక్ దాంట్లోనే కూర్చున్నాను! కూర్చున్నాక గానీ తెలియలేదు. ఎంత సిగ్గేసిందో, గదిలో ఎవరూ లేకపోయినా. లేచి ఎదురు దాంట్లో కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులున్న కుర్చీ, అయినా తెలియలేదు.

ఒక్కొక్కరూ వచ్చారు. తాతగారు నన్ను చూసి తన చోట కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

మేడమ్ వచ్చారు. "ఆ కుర్చీ కాదమ్మా నీది."

"ఇవాళ ఇక్కడ కూర్చుంటానండీ."

"నువ్వు అక్కడుంటేనే కదా క్లాసుకి నేర్చుకోవడానికి ఉంటుంది" అన్నారు, నవ్వుతూనే.

"నేనెప్పుడు నేర్చుకోవాలండీ?"

అందరికీ వినపడే ఉంటుంది. మేడమ్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "సభ సంగతి కూడా చెప్పాలండీ. మా అమ్మ రాదు. నేనూ వేయను" అన్నాను, మళ్ళీ ధైర్యం చాలదేమోనని అక్కడే. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చిన మనిషి. లేచి సారీ చెప్పేద్దామనిపించింది. కాళ్ళు బిగపట్టి కూర్చున్నాను.

కారుపిల్ల గది మధ్యలో నిలబడింది, ఎటు వెళ్ళాలో తెలియక. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అటూ ఇటూ జరిగింది. అందులో ఎవరికీ సుఖంగా ఉండదు, నాకు తెలుసు.

"బిడ్డ పోయిన తల్లిగా చేయడం నాకు రాదు. నిజంగా, నాకేం కష్టాలున్నాయని చెప్పను?" అంది. క్లాసులో నవ్వులు.

అడగాల్సిన ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు, అవతలి కుర్చీలోంచి విని విని. ఒక్కటీ నోటికి రాలేదు.

"చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరు నిద్రపుచ్చేవారు?" అన్నాను.

కారుపిల్ల నవ్వబోయింది. "మా అమ్మా నాన్నా బిజీ. ఇంట్లో పనిచేసే ఆవిడ ఉండేది. వీపు మీద వేలితో బొమ్మలేసేది, నేను అవేమిటో చెప్పాలి, చెప్తూ చెప్తూ నిద్రపోయేదాన్ని." ఆగింది. "ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి లేదు. పంపించేశారో, వెళ్ళిపోయిందో. అడిగితే మాట మార్చేవారు."

నేనేం రాసుకోలేదు. ఆ అమ్మాయి ఇవాళ ఏడవలేదు కూడా. తన చేతుల వంక చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. మేం ఆగాం. రేడియో కూడా నోరెత్తలేదు.

గంట కొట్టాక మేడమ్ మార్కుల కాగితం మడిచి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఏం వేశారో తెలీదు. ఆవిడతో నా పని అయిపోయిందేమో కూడా తెలీదు. పోస్టర్లకి రంగులు మాత్రం రేపు నేనే తేవాలి.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను, మొదట తప్పు కుర్చీలో కూర్చున్నదానితో సహా. స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి వింది. నేను మాట్లాడిన ధైర్యం గురించి ఏమంటుందోనని చూస్తున్నాను. అదేం అనలేదు.

"ఆ పిల్ల చెప్తున్నంతసేపూ కూర్చున్నావా?" అంది.

"కూర్చున్నానమ్మా."